రోజూ జూన్ పదకొండే

మార్చి 3, సోమవారం

లోపలి పెట్టె తెరుచుకోలేదు.

పొద్దున షాపు తలుపు తీసి, కంప్యూటర్ పెట్టి, ఎప్పటిలాగే దాని బొమ్మ మీద నొక్కాను. ‘ఈ వెర్షన్ ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌లో పనిచేయదు’ అని చిన్న గడి ఒకటి వచ్చింది. కింద ‘సరే’ అని బటన్. ఏం సరే? నా బొంద సరే! మళ్లీ నొక్కాను, మళ్లీ అదే. ఆపి పెట్టాను, మళ్లీ అదే. కంప్యూటర్ ముఖమే మారిపోయి ఉంది. మూలన ఉండే బొమ్మలు మధ్యలోకి వచ్చాయి, గుండ్రంగా ఉన్నవి పలకలయ్యాయి. అడక్కుండా ఎవరో వచ్చి ఇంటికి రంగులేసి పోయినట్టుంది.

నా బతుకు ఎవరికైనా చెప్తే నవ్వుతారు. బూట్లు కుట్టడానికి చెక్కపాదాలు చెక్కే మిషనేమో గట్టిది, దాన్ని నడిపే ప్రోగ్రామేమో ముసలిది. చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. కాలం చెల్లిన సిస్టమ్‌లో తప్ప అది నడవదు. అందుకని తమ్ముడు ఈ కంప్యూటర్ లోపల ఇంకో పాత కంప్యూటర్‌ని పెట్టాడు. ఉత్తుత్తిది. వర్చువల్ మెషిన్ అంటారట. “అక్కా, ఇది నిజంగా లేదు, కానీ ఉన్నాననుకుంటుంది” అన్నాడు ఆ రోజు. నేను దానికి లోపలి పెట్టె అని పేరు పెట్టాను.

ఆ ప్రోగ్రామ్ లైసెన్సుకు గడువు తీరిపోయింది. పొడిగించడానికి కంపెనీయే లేదాయె. అందుకని వాడు లోపలి పెట్టె గడియారాన్ని ఒక్క తేదీకి కట్టేశాడు. ఎప్పుడు తెరిచినా జూన్ 11, 2011. వాడి పుట్టినరోజు. “ఇలాగైనా గుర్తుపెట్టుకుంటావని” అన్నాడు. పొద్దున్నే పెట్టె తెరవగానే నేను “హ్యాపీ బర్త్‌డే రా” అని అరవడం, పక్క గదిలోంచి వాడు “కేక్ ఏదక్కా?” అనడం. ఇన్నేళ్లూ అదే జోకు, అదే నవ్వు. ఈ మధ్య వాడు పొద్దున రావడం లేదు. పిల్లల స్కూలు పనులు.

లోపల అందరి పాదాలూ ఉన్నాయి. నాన్న తీసిన కొలతలు, నాన్న పోయాక ప్రతి జోడుకీ నేను దిద్దుతూ వచ్చిన కొలతలు. పొట్టి కాళ్లు, వంకర మడమలు, వేళ్లు తీసేసిన పాదాలు. పెట్టె తెరుచుకోకపోతే మిషను కదలదు. మిషను కదలకపోతే చెక్కపాదం లేదు. చెక్కపాదం లేనిదే దేని మీద కుట్టను బూటు? టీచరమ్మ జోడు ఈ వారం ఇవ్వాలి. ఆవిడకు షుగరు. అరికాలి పుండు ఇప్పుడిప్పుడే మానింది. అరిగిపోయిన జోడుతో తిరిగితే మళ్లీ పగులుతుంది.

తమ్ముడికి ఫోన్ చేశాను. రేపు వస్తానన్నాడు. వాడొస్తే అయిపోతుంది.

మార్చి 4, మంగళవారం

వాడొచ్చాడు. కాలేదు.

కుర్చీలో కూర్చుని అటు నొక్కాడు, ఇటు నొక్కాడు, తల అడ్డంగా ఊపాడు. “అప్‌డేట్ అయిందక్కా. దానంతటదే అయింది. ఇప్పుడివి మనల్ని అడిగి చేస్తాయా?”

“వెనక్కి తీసుకెళ్లు.”

“కుదరదు. కొత్త సిస్టమ్‌లో ఈ పాత సాఫ్ట్‌వేర్ లేవదు.”

“కొత్త సాఫ్ట్‌వేర్ కొందాం.”

“కొత్తది ఈ పాత పెట్టెని గుర్తుపట్టదక్కా. వదిలేయ్, దాని టైం అయిపోయింది.”

నిక్షేపంలా నడుస్తున్నదానికి టైం అయిపోవడమేంటి? ఎక్కడో కూర్చున్నవాడికి రంగులు మార్చాలని బుద్ధి పుడితే ఇక్కడ నా మిషను ఆగిపోవాలా? కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అన్నారా! ఆ కంపెనీలవాళ్లని పేరుపేరునా తిట్టాను. పేర్లు తెలియనివాళ్లని పేర్లు పెట్టి మరీ తిట్టాను.

మధ్యాహ్నం వాడు ఇంటికి వచ్చి మాతోపాటు తిన్నాడు. అమ్మ వాడికి వడ్డిస్తూ, “వాడి మీద అరవకే. వాడేం చేస్తాడు?” అంది. నేను వాడి మీద అరవలేదు. కంప్యూటర్ మీద అరిచాను. ఆ మాటే అమ్మతో అంటే తల తిప్పుకుని మజ్జిగ గిన్నె అందుకుంది.

మార్చి 5

తెరుచుకోలేదు.

మార్చి 8, శనివారం

తమ్ముడు సాయంత్రం వచ్చాడు. మిషను మీద గుడ్డ కప్పి ఉండటం చూసి దాని అంచు సర్దాడు. తరవాత, “పెద్ద రోడ్డులో కొత్త సెంటర్ పెట్టారు, చూశావా? అద్దాల గోడలు. కాలు పెడితే కెమెరాయే కొలుస్తుందట” అన్నాడు.

“అయితే?”

“మనిద్దరం అందులో చేరిపోతే ఎలా ఉంటుందంటావ్? నెల తిరిగేసరికి జీతం. నీకు ఈ దుమ్ములో కూర్చునే బాధ తప్పుతుంది.”

“నా దుమ్ము నాకు బాధని ఎవరు చెప్పార్రా నీకు?” అన్నాను. లేచి వెళ్లిపోయాడు.

ఇది వాడి మాట కాదు. వాడికి ఇలా మాట్లాడటం రాదు. నోట్లో నాలుక లేని పిల్లాడు. ఇది మరదలు నేర్పి పంపిన పాఠం. పెళ్లయిన కొత్తలోనే నా షాపుకొచ్చి ముక్కు మూసుకుంది. ఆ రోజే అనుకున్నాను.

మార్చి 11, మంగళవారం

కంప్యూటర్‌ని దుప్పట్లో చుట్టి రిపేరు షాపుకి మోసుకెళ్లాను. తమ్ముడికి చెప్పలేదు. చెబితే చిన్నబుచ్చుకుంటాడు.

రిపేరావిడ నాకంటే పెద్దదే. మాట పొదుపు. కాసేపు చూసి, “ఉందండీ” అంది.

“ఏముంది?”

“మీ లోపలి పెట్టె. అదంతా ఒక్క ఫైలే. చెక్కు చెదరలేదు. దాన్ని లేపేవాళ్లే లేరు, అంతే.”

నేను నోరు తెరిచి కూర్చున్నాను. ఇన్నేళ్లూ అదేదో పెద్ద యంత్రమనుకుంటున్నాను. ఒక్క ఫైలట! ఊరి పాదాలన్నీ కలిపి ఒక్క ఫైలు. జేబులో వేసుకుని పోవచ్చట.

పాత సిస్టమ్ ఉన్న పాత కంప్యూటర్ ఒకటి దొరికితే, అందులో పాత సాఫ్ట్‌వేర్ ఎక్కించి, ఇంటర్నెట్ గాలి తగలకుండా ఉంచితే అది లేస్తుందని చెప్పింది. తన దగ్గర ఇప్పుడు లేదు, వెతుకుతానంది. నాకు ఆవిడ కాళ్లు పట్టుకోవాలనిపించింది. అంతలో, పోనీ ఊరుకుందా అంటే ఊరుకోలేదు.

“ఈ అప్‌డేట్ దానంతటదే అయ్యేది కాదండీ. చిన్నవైతే వాటంతటవే అవుతాయి. ఇంత పెద్దదానికి పాస్‌వర్డ్ అడుగుతుంది. ఎవరో కూర్చుని సరే అన్నారు. పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసు?”

“మీ పని మీరు చూడండి” అన్నాను. అలా అని ఉండకూడదు.

మార్చి 12

నేనే నొక్కి ఉంటాను. ఈ మధ్య కళ్లు సరిగ్గా ఆనడం లేదు. ఏదో గడి వచ్చి ఉంటుంది, విసుగ్గా సరే అని ఉంటాను. పాస్‌వర్డ్ కొట్టిన గుర్తు లేదు. అన్నీ గుర్తుంటాయా ఏంటి మనిషికి?

అవును. నేనే.

మార్చి 15, శనివారం

ఇద్దరొచ్చి జోళ్లు అడిగి వెళ్లారు. “మిషను బాగవ్వగానే” అని చెప్పాను. రెండోవాడు, “పర్లేదమ్మా, నిదానంగా చూడు” అన్నాడు. కిందటిసారి ఒక్క రోజు ఆలస్యమైతే షాపు పీకి పందిరేసిన మనిషి. అంత మంచితనం ఎక్కడినుంచి ఊడిపడిందో!

తమ్ముడు నాలుగు రోజులుగా ఫోన్ ఎత్తడం లేదు. పని ఉండి ఉంటుంది.

మార్చి 19, బుధవారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

టీచరమ్మ వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. కాళ్లకు కొత్త బూట్లు. “ఏమనుకోకమ్మా, ఆగలేకపోయాను. అరికాలు మళ్లీ ఎర్రబడింది. పెద్ద రోడ్డు సెంటర్‌లో చేయించుకున్నాను” అంది, ఏదో తప్పు చేసిన చిన్నపిల్లలా.

“మంచి పని చేశారు. ముందు పాదం, తరవాతే నేను” అన్నాను. నిజంగానే అన్నాను. కానీ కడుపులో మండింది. అదీ నిజమే. కెమెరాతో కొలిచిన జోడు ఎలా ఉంటుందో చూద్దామని ఆవిడని కూర్చోబెట్టి ఒక బూటు విప్పించాను.

చెయ్యి లోపల పెట్టాను. బొటనవేలి కింద, పుండు ఉన్న చోట, చిన్న పల్లం. ఆ పల్లం నాది. మొదటిసారి లోతెక్కువై ఆవిడ తూలింది. రెండోసారి తక్కువై పుండు రేగింది. మూడోసారికి కుదిరింది. నా వేలికి అది నా ఇంటి గడపలాగే తెలుసు.

“ఎలా కొలిచారు?” అన్నాను.

“అదేగా విచిత్రం! కొలవనే లేదు. పేరు చెప్పగానే, ‘మీ వివరాలు ఉన్నాయి, వచ్చే వారం రండి’ అన్నారు. కొత్త టెక్నాలజీ అంట.”

బూటు నాలుకని మడిచి చూశాను. లోపల చీటీ అంటించి ఉంది. మా ప్రోగ్రామ్ చెక్కపాదం చెక్కగానే ముద్రించే చీటీ. పైన ఆ సెంటర్ పేరు. కింద తేదీ. జూన్ 11, 2011.

టీచరమ్మ వంగి చూసి, “తేదీ తప్పు పడినట్టుంది” అంది.

“తప్పు కాదండీ. అది మా తమ్ముడి పుట్టినరోజు” అన్నాను.

ఆవిడ ముఖం పాలిపోయింది. “నీకు తెలుసనుకున్నానమ్మా. అతనే కదా నా జోడు ఇచ్చింది. మీరిద్దరూ మాట్లాడుకునే చేశారనుకున్నాను.”

మార్చి 20

వాడే.

మార్చి 20, సాయంత్రం

మరదలు కాదు. ఆ కంపెనీలవాళ్లు కాదు. నేను కాదు. వాడే.

మార్చి 22, శనివారం

రమ్మని కబురు పంపితే వచ్చాడు. నేను ఏమీ అనకముందే, “నేనేం చెరపలేదక్కా” అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట.

“మరేం చేశావ్?”

“అప్‌డేట్ నొక్కాను. అంతే.”

అంతే అట! నవ్వొచ్చింది నాకు. ఏడుపు రావలసిన చోట నవ్వు రావడం ఇదే మొదటిసారి.

“నన్ను చేర్చుకున్న సెంటర్‌వాళ్లు ఈ కొలతలు ఇంకెక్కడా వాడుకలో ఉండకూడదన్నారు. చెరిపేయమన్నారు. నాకు చేతులు రాలేదు. నాన్నవి కదా. అందుకే, ఉంటాయి కానీ తెరుచుకోవు అనేలాగ…”

“నరకడానికి చేతులు రాక గొంతు నులిమావా?”

“అలా అనకక్కా. నీ దగ్గరా ఉంది, నా దగ్గరా ఉంది. కాపీయేగా. ఇందులో నీకు పోయిందేముంది?”

ఆ మాటే ఇప్పటికీ నన్ను తినేస్తోంది. నిజమే, అల్మరా పగలలేదు, తాళం విరగలేదు, వస్తువు కదలలేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం విన్నాను కానీ, ఇల్లు ఇల్లంతా అచ్చు గుద్దుకుపోయి పాత ఇంటికి గడియ పెట్టిపోవడం ఎక్కడా వినలేదు. ఇవన్నీ ఇప్పుడు తోస్తున్నాయి. అప్పుడు మాత్రం, “రోజూ నీకు హ్యాపీ బర్త్‌డే చెప్పాను కదరా” అన్నాను. పిచ్చిదానిలా. అదొక్కటే వచ్చింది నోటికి.

వాడు తలొంచుకున్నాడు. “నీకు చెబితే ఒప్పుకోవు. అందుకే అమ్మని అడిగాను. అమ్మ సరేనంది.”

మార్చి 23, ఆదివారం

అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఎదురుగా కూర్చుని, “నీకు తెలుసా?” అన్నాను. దేని గురించి అని కూడా అడగలేదు.

“తెలుసు.”

“ఎప్పటినుంచి?”

“వాడు అడిగినప్పటినుంచి. చలికాలం అప్పుడు.”

చలికాలం! అంటే నేను రోజూ షాపునుంచి వచ్చి, ఆ రోజు ఎవరి పాదం ఎలా కుదిరిందో చెబుతూ అన్నం కలుపుకుంటుంటే, ఈవిడ తెలిసి వింటూ ఉంది. ఇంకొంచెం వేసుకోమని కూడా అనేది.

“నాకెందుకు చెప్పలేదమ్మా?”

“చెబితే గొడవ చేస్తావ్. నువ్వు గట్టిదానివే. రాతి మీద పడేసినా బతుకుతావు. వాడట్లా కాదు. ఇద్దరు పిల్లలు వాడికి.”

“గట్టిగా ఉండటం నా తప్పా?”

“తప్పని ఎవరన్నారే?” అంది. నిజంగానే ఆశ్చర్యపోయింది. మళ్లీ కాయ అందుకుంది.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. తలుపు తీసి పట్టుకున్నది అమ్మే అయితే ఈశ్వరుడు మాత్రం ఏం చేస్తాడు?

మార్చి 24

ఏమీ రాయాలని లేదు.

మార్చి 28, శుక్రవారం

లేచింది!

రిపేరావిడ ఎక్కడినుంచి తెచ్చిందో, ఇటుకంత మందాన ఒక పాత ల్యాప్‌టాప్ తెచ్చింది. ఆ రోజు నేనన్న మాటకు క్షమించమని అడిగితే, “ఏ మాట?” అంది. మహాతల్లి. సాఫ్ట్‌వేర్ ఎక్కించింది, ఫైలు పెట్టింది, నన్నే నొక్కమంది. నల్లటి తెర, తెల్లటి గీత, తరవాత ఆ పాత నీలం రంగు. నాకు కళ్లు చెమర్చాయి. మిషను మీద గుడ్డ లాగేసి తీగ తగిలించాను. గుర్రుమని లేచింది.

మూలన తేదీ కనిపించింది. జూన్ 11. అలవాటుకొద్దీ నోరు తెరిచి మూసుకున్నాను.

“తేదీ మార్చనా?” అంది ఆవిడ, నా ముఖం చూసి.

“మారిస్తే ప్రోగ్రామ్ చచ్చిపోతుంది. ఉండనివ్వండి.”

అంటే ఈ షాపు నడిచినన్నాళ్లూ రోజూ వాడి పుట్టినరోజు చూస్తూ పని మొదలుపెట్టాలి. సరే. చూస్తాను.

లోపల మొట్టమొదటి పాదం అమ్మది. ఎడమ పాదం పుట్టుకతోనే లోపలికి తిరిగి ఉంటుంది. ఆ పాదం కోసమే నాన్న ఈ పని నేర్చుకున్నాడు. అమ్మ జోడు అడుగు అరిగిపోయి చాలా రోజులైంది. ఆవిడ మీద కోపం ఎంతున్నా ఆ పాదం ఏం చేసింది? ముందు అదే చెక్కడానికి పెట్టాను.

ఏప్రిల్ 4, శుక్రవారం

అమ్మ జోడు పూర్తి చేశాను. మెత్తటి తోలు, లోపలి అంచుకి రెండు వరసల కుట్టు. ఇన్నేళ్లలో ఇంత బాగా కుట్టలేదు. ఎందుకు అంత శ్రద్ధగా కుట్టానో నాకే తెలియదు. తెలుసు. మెచ్చుకుంటుందని.

ఇంటికి తెచ్చేసరికి గుమ్మం దగ్గర ఒక పెట్టె ఉంది. మెరిసే పెట్టె, సెంటర్ పేరుతో. తమ్ముడు పంపాడు. అమ్మకి జోడు.

రెండు జోళ్లూ నేల మీద పక్కపక్కన పెట్టాను. అదే మడమ, అదే వంపు, ఎడమ దానికి అదే ఎత్తు. లోపల అదే తేదీ. అమ్మ మంచం అంచున కూర్చుని ముందు నాది వేసుకుంది, నడిచింది. తరవాత వాడిది వేసుకుంది, నడిచింది.

“రెండూ ఒక్కలాగే ఉన్నాయే! చూశావా, వాడి చేతిలోనూ పనితనం ఉంది.”

“అవి నా కొలతలమ్మా. నేను దిద్దినవి.”

“ఎవరివైతే ఏంటే, కాలు నాదేగా” అంది. నవ్వింది కూడా. ఇంకో రోజైతే నేనూ నవ్వేదాన్ని.

వాడి జోడు విప్పలేదు. నాది తీసి మంచం కిందికి తోసింది.

“అదెందుకు, ఇదెందుకు కాదు?” అన్నాను.

“వేసుకోకపోతే వాడు నొచ్చుకుంటాడు.”

“మరి నేను?”

“నువ్వెక్కడికి పోతావే? ఇంట్లో మనిషివేగా.”

ఏప్రిల్ 5

మాట్లాడలేదు. అమ్మ కూడా అడగలేదు, ఎందుకు మాట్లాడటం లేదని.

ఏప్రిల్ 7, సోమవారం

తమ్ముడికి ఫోన్ చేశాను. ఎత్తాడు. పెట్టె లేచిందని చెప్పాను. “సెంటర్‌వాళ్లకి తెలిస్తే నాకు కష్టమక్కా” అన్నాడు.

“తెలియనీ. నా దగ్గరా ఉంది, నీ దగ్గరా ఉంది, పోయిందేముంది అన్నావుగా. అలాగే ఉండనీ. నేను ఫోన్ చేసింది ఇంకో విషయం గురించి. అమ్మని తీసుకెళ్లు.”

“ఏంటీ?”

“అమ్మ నీ జోడు వేసుకుంది. నీ వైపు మాట్లాడింది. నీ దగ్గరే ఉంటుంది.”

“అక్కా, మాది ఇరుకిల్లు… పిల్లల చదువులు…”

“అమ్మకి కాపీ లేదురా. ఒక్కతే. నీ దగ్గర ఉంటే నా దగ్గర ఉండదు. పాదాల్లాగ రెండు చోట్లా పెట్టుకోవడం కుదరదు. ఆదివారం వచ్చి తీసుకెళ్లు.”

గట్టిగానే అన్నాను. గట్టిదాన్నేగా. ఫోన్ పెట్టేశాక అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను.

వస్తానన్నాడు. అమ్మకి చెబితే ముఖం వెలిగిపోయింది. “వాడే రమ్మన్నాడా?” అంది. అవునన్నాను.

ఏప్రిల్ 12, శనివారం

అమ్మ బట్టలు సర్దాను. మందులు విడిగా సంచిలో పెట్టి, పొద్దున ఏవో సాయంత్రం ఏవో చీటీ రాశాను. నా జోడు కూడా పెట్టెలో పెడితే, బరువెందుకని తీసేసింది.

రేపటినుంచి ఇల్లు ఎలా ఉంటుందో. హాయిగా ఉంటుంది. ఎందుకుండదు?

ఏప్రిల్ 13, ఆదివారం

అమ్మ పొద్దున్నే తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని, వాడి జోడు వేసుకుని గుమ్మంలో కుర్చీ వేయించుకుంది. బట్టల పెట్టె పక్కనే. లోపల కూర్చోమంటే, వాడొచ్చేసరికి లేవడం ఆలస్యమవుతుందంది. వీధిలో బండి ఆగినప్పుడల్లా పెట్టె పిడి పట్టుకుంది.

మధ్యాహ్నం అన్నం అక్కడికే తెచ్చిచ్చాను. నాలుగు ముద్దలు తింది. నేను వాడికి ఫోన్ చేశాను, మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేస్తే స్విచాఫ్. అమ్మకి చెప్పలేదు.

ఈ వారమంతా ఈ రోజు కోసం నేను పళ్లు నూరుకుంటూ ఎదురుచూశాను. వాడు రాకపోతే అమ్మకి బుద్ధొస్తుందని కూడా ఒక మూల అనుకున్నాను, ఎందుకు దాచాలి? ఆ బుద్ధేదో వస్తుంటే చూడలేకపోయాను. వాడు రావాలని అమ్మకంటే ఎక్కువగా నేనే కోరుకున్నాను సాయంత్రానికి.

పొద్దుగూకింది. “పని ఉండి ఉంటుంది” అంది అమ్మ, వీధివైపే చూస్తూ.

“ఉండి ఉంటుంది” అన్నాను.

“జోడు విప్పుతాను” అన్నాను. కూర్చుని కూర్చుని పాదాలు వాచిపోయాయి, తోలు బిగుసుకుపోయింది. నేనే కింద కూర్చుని, ముందు కుడిది, తరవాత ఎడమది, మెల్లగా లాగాను. నొప్పెట్టినట్టుంది, నా భుజం పట్టుకుంది. పాదం రెండు చేతుల్లోకి తీసుకుని రుద్దుతూ కూర్చున్నాను. భుజం మీద చెయ్యి అమ్మ తీయలేదు. నేను తీయమనలేదు.